స్కూల్ లైబ్రరీకి నవలలు కొంటున్నారా? 15 వేలతో మేం ఏవి తీసుకున్నాం, ఏవి వదిలేశాం

కువైట్‌లో పనిచేసే మా పాత స్టూడెంట్ ఒకడు సెలవుకి ఊరొచ్చి, ఒకరోజు స్టాఫ్ రూమ్‌కొచ్చి 15 వేలు నా చేతిలో పెట్టి "మేడంగారండీ, పిల్లలకి నవలలు కొనండి, జీకే బుక్కులూ మోడల్ పేపర్లూ మాత్రం వద్దండి" అనేసి టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. తెలుగు చెప్పేది నేనే, లైబ్రరీ బీరువా తాళాలు ఉండేదీ నా దగ్గరే, అందుకని కొనే పనీ నా నెత్తినే పడింది. నవలలు కొనడం ఎంతసేపులే అనుకున్నా గానీ రెండు నెలలు పట్టింది. మీ స్కూల్‌కీ ఎవరైనా ఇలా డబ్బులిస్తే ఆ రెండు నెలలు మీకు కలిసొస్తాయని రాస్తున్నా.

ముందు మా పిల్లల సంగతి చెప్పాలి, ఎందుకంటే ఏ పుస్తకం మంచిదన్నది పిల్లల్ని బట్టే ఉంటుంది. మాది కోనసీమలో ఏటిగట్టుని ఆనుకున్న హైస్కూలు. గోదావరి మధ్య లంకల్లోంచి పడవ దాటి వచ్చేవాళ్ళు చాలామందే ఉన్నారు, వరదొస్తే వాళ్ళు వారం పది రోజులు కనపడరు. ఎక్కువమందికి ఇంట్లో పుస్తకం అంటే టెక్స్ట్ బుక్కే. ఆరో క్లాసులో కూడబలుక్కుని చదివే పిల్లా ఉంది, అదే బెంచీలో వాళ్ళ తాతకి రోజూ పేపరు మొత్తం చదివి వినిపించే పిల్లా ఉంది. అందుకే ఆరుకి ఇవి, ఏడుకి ఇవి అని క్లాసు చూసి కొనడం మానేశాం. ఇప్పటిదాకా ఒక్క పుస్తకం కూడా పూర్తి చెయ్యనివాళ్ళు, ఒకటో రెండో చేసినవాళ్ళు, ఏదిచ్చినా నమిలేసేవాళ్ళు, ఇలా మూడు గుంపులు అనుకున్నాం. మొదటి గుంపే పెద్దది. డబ్బులో సగం వాళ్ళకే పెట్టాలని నా పట్టు.

స్టాఫ్ రూమ్‌లో మాత్రం ఎవరి పట్టు వాళ్ళదే. ఇంగ్లీష్ సార్ ఏమో మీడియం ఇంగ్లీషయ్యాక తెలుగు నవలలు ఎందుకండీ అంటారు, సోషల్ సార్ అవార్డు వచ్చినవి కొంటే ఎవరూ వేలెత్తి చూపరు అంటారు, హెడ్మాస్టర్ గారికి మన గోదావరి వాళ్ళు రాసిన పాత క్లాసిక్స్ ఉండాలని ఉంది. ఎవరిదీ తప్పు కాదు. కాకపోతే ముగ్గురూ పుస్తకం వైపు నుంచే మాట్లాడుతున్నారు, ఆ పుస్తకం పట్టుకుని కూర్చునే పిల్లాడి వైపు నుంచి కాదు.

అందుకని ఒక చిన్న టెస్టు పెట్టా. నా దగ్గరవీ, తెలిసినవాళ్ళ దగ్గర అరువు తెచ్చినవీ కలిపి పద్నాలుగు పుస్తకాలు పోగేసి, లైబ్రరీ పీరియడ్‌లో ఒక్కోదానిలో మొదటి పది పేజీలు పైకి చదివి వినిపించి, కథ రసపట్టులో పడ్డాక మూసేసి టేబుల్ మీద పెట్టేదాన్ని. బెల్లు కొట్టాక ఎంతమంది టేబుల్ దగ్గరికొచ్చారో లెక్క రాసుకునేదాన్ని. అంతే టెస్టు. పెద్దాళ్ళు బాగుందన్న రెండు పుస్తకాలకి ఒక్కరంటే ఒక్కరు లేవలేదు. నేను పెద్దగా నమ్మకం పెట్టుకోని ఒకదానికి పదకొండు మంది వచ్చారు, అందులో ఇద్దరు గుంజుకుని అట్ట చింపారు కూడా.

హెడ్మాస్టర్ గారి క్లాసిక్స్‌తోనే మొదలుపెడతా. కందుకూరి వారి రాజశేఖర చరిత్రము కథ మన ధవళేశ్వరంలోనే మొదలవుతుంది, 1878లో రావడం మొదలైంది, తొలి తెలుగు నవల అని పరీక్షలో బిట్టు కూడా వస్తుంది. అవన్నీ నిజమే గానీ గ్రాంథికంలో ఉన్న ఆ వర్ణన దాటి కథలోకి వెళ్ళడం ఎనిమిదో క్లాసు పిల్లల వల్ల కాదు, నేను చదువుతుంటేనే వెనక బెంచీ సగం కిటికీలోంచి కొబ్బరిచెట్లు లెక్కపెట్టింది. ఒక్క కాపీ రిఫరెన్స్‌కి చాలు. చిలకమర్తి వారి గణపతి అంత కష్టం కాదు, నవ్వుంటుంది, కాకపోతే అప్పటి వాళ్ళ హాస్యం కొన్నిచోట్ల ఇప్పుడు క్లాసులో పైకి చదవడానికి ఇబ్బందిగా ఉంటుంది, అది మీరొకసారి చదువుకుని నిర్ణయించుకోండి.

మొక్కపాటి వారి బారిష్టర్ పార్వతీశం సంగతి వేరు. 1924లో మొదటి భాగం వచ్చింది, అంటే వందేళ్ళు దాటింది, అయినా కుర్రాళ్ళు పడీ పడీ నవ్వారు. పార్వతీశం మొగల్తూరు కుర్రాడు, ఇంట్లో చెప్పకుండా బారిష్టరు చదవడానికి ఇంగ్లండు బయల్దేరతాడు. మొగల్తూరు పేరు వినగానే "చిరంజీవి గారి ఊరండి" అని ఒకడు, "మా పిన్నోళ్ళ ఊరండి, సఖినేటిపల్లిలో పంటు పడవెక్కి నర్సాపురం వెళ్ళి ఆటో ఎక్కాలండి" అని ఇంకోడు, పది నిమిషాలు కథ ఆగిపోయింది. దొరసానులు పెట్టుకునే టోపీ తెలీక కొనేసుకున్న చోట మళ్ళీ ఆగింది. మూడు భాగాలున్నాయి, నా మాట వింటే స్కూల్‌కి మొదటి భాగం చాలు, తర్వాతవి పిల్లలకి అంత పట్టవు. ఎనిమిదో క్లాసు లోపు వాళ్ళకి ఇచ్చేయకుండా మీరే ఓ ముప్పై పేజీలు చదివి వినిపించి అప్పుడు ఇవ్వండి, ఎందుకంటే వాక్యాలు పొడుగు, అప్పటి రైళ్ళూ ఓడలూ మర్యాదలూ కాస్త చెప్తేగానీ అర్థం కావు.

దీనికి పోటీ బుడుగు. ముళ్ళపూడి వెంకటరమణ గారు పుట్టింది ధవళేశ్వరం, బొమ్మలేసిన బాపు గారు నర్సాపురం, అంటే ఇద్దరూ మనాళ్ళే. నిజానికి ఇది నవల అనడం కంటే బుడుగు చెప్పుకుంటూ పోయే కబుర్లు అనాలి, అదే దీని బలం, ఎక్కడ తెరిచినా మొదలెట్టొచ్చు, ఎక్కడైనా ఆపొచ్చు. ఇప్పటిదాకా ఒక్క పుస్తకం చదవనివాడికి "ఇది ముందునుంచి చదవక్కర్లేదురా" అని చెప్పడం ఎంత ధైర్యమో మీకు తెలీదు. ఒక్క చిక్కుంది. బుడుగు భాష కావాలని తప్పుల తడకగా ఉంటుంది, వాడు పలికినట్టే రాశారు. స్పెల్లింగ్ ఇంకా కుదరని ఆరో క్లాసు పిల్లాడు దాన్ని చూసి అదే కరెక్ట్ అనుకుంటాడని ఒక తల్లి నిజంగానే అడిగింది. నేను ఈ పుస్తకాన్ని ఎప్పుడూ ముందు పైకి చదివే ఇస్తా, విన్న పిల్లలకి అది జోకని తెలిసిపోతుంది. పార్వతీశమా బుడుగా అని అడిగితే, ఒక్కటే కొనగలిగితే బుడుగు, కొంచెం చదివే పిల్లలు ఎక్కువుంటే పార్వతీశం.

ఇప్పుడు నేను నమ్మకం పెట్టుకోలేదు అన్నానే, ఆ పదకొండు మంది లేచొచ్చిన పుస్తకం, అది దాసరి సుబ్రహ్మణ్యం గారి పాత చందమామ సీరియల్. తోకచుక్క, మకరదేవత, కంచుకోట, జ్వాలాద్వీపం, పాతాళదుర్గం, శిథిలాలయం, భల్లూక మాంత్రికుడు, ఇలాంటివన్నీ తర్వాత పుస్తకాలుగా వచ్చాయి. మాంత్రికులూ గుహలూ రాక్షసులూ, ఇప్పటి గేములు ఆడే పిల్లలకి ఇవి పాతగా ఉంటాయనుకున్నా, పూర్తిగా తప్పు. నెలకో భాగం కోసం రాసినవి కాబట్టి ప్రతి భాగం చివర ఎవడో ఒకడు లోయ అంచున వేలాడుతూ ఉంటాడు, అక్కడ ఆపేయడం పిల్లాడి వల్ల కాదు. వాక్యాలు చిన్నవి, భాష శుభ్రం, కష్టమైన మాట వచ్చినా కథ ఊపులో అర్థమైపోతుంది. మొదటి గుంపు వాళ్ళకి నా ఫస్ట్ ఛాయిస్ ఇవే. లోటు ఏంటంటే సాహసాలన్నీ మగపిల్లలవే, ఆడపిల్లకి చేసే పని తక్కువ. ఏడో క్లాసు పిల్ల ఒకతె చదివి తెచ్చిచ్చి "బాగుందండి, కానీ ఆ అమ్మాయిని కూడా తీసుకెళ్ళొచ్చు కదండి" అంది. నా దగ్గర జవాబు లేదు, ఇంకో పుస్తకం ఇచ్చా.

ఆ ఇంకో పుస్తకం రైలుబడి. జపాన్‌లో టెట్సుకో కురొయనాగి తన చిన్నప్పటి స్కూలు గురించి రాసుకున్నది, టోటోచాన్ పేరుతో ప్రపంచమంతా చదివారు. ఇదీ ఖచ్చితంగా నవల కాదు, జ్ఞాపకాలే, కానీ నవలలాగే చదివిస్తుంది. పాత రైలు పెట్టెల్లో క్లాసులు, మొదటి రోజే ఆ పిల్ల చెప్పే కబుర్లు గంటల తరబడి విన్న హెడ్మాస్టరు, మధ్యాహ్నం డబ్బాలో సముద్రం నుంచి కొంచెం, కొండ నుంచి కొంచెం తెచ్చుకోవాలనే రూలు. ఈ రూలు మా పిల్లలకి తెగ నచ్చి వారం రోజులు క్యారేజీల్లో చేపముక్క ఉందా లేదా అని చెకింగులు జరిగాయి, కొండ నుంచి ఏం తేవాలో మాత్రం మా డెల్టాలో ఎవరికీ తోచలేదు, చివరికి చింతపండు కొండ కిందకి వస్తుందని తీర్మానించారు. చివర్లో యుద్ధం, బాంబులకి స్కూలు తగలబడిపోవడం ఉంది, చిన్న పిల్లలు కదిలిపోతారు, అయినా ఇవ్వొచ్చు. అధ్యాయాలు రెండు మూడు పేజీలే కాబట్టి నెమ్మదిగా చదివేవాళ్ళకీ పనికొస్తుంది. నేను దీన్ని మూడు కాపీలు తీసుకున్నా, మూడూ ఎప్పుడూ బీరువాలో ఉండవు.

నది కథలు కావాలంటే నండూరి రామమోహనరావు గారి తెలుగులో మార్క్ ట్వేన్ టామ్ సాయర్, హకల్ బెరీ ఫిన్ ఉన్నాయి, స్టీవెన్సన్ ట్రెజర్ ఐలాండ్‌ని కాంచన ద్వీపంగా చేసిందీ ఆయనే. తెలుగు హాయిగా ఉంటుంది, ఇంగ్లీషు వాసన రాదు. మూడింట్లో దేంతో మొదలెట్టాలి? సముద్రం, నిధి, దొంగలు కావాలంటే కాంచన ద్వీపం, ఊపు బాగా ఉంటుంది కానీ ఓడ భాగాల పేర్లు కొంచెం విసిగిస్తాయి. టామ్ సాయర్ అల్లరి ఏ ఊరి పిల్లాడికైనా అర్థమయ్యేదే, కంచెకి సున్నం వేసే పనిని మిగతా పిల్లలకి అంటగట్టి పైగా వాళ్ళ దగ్గరే వస్తువులు వసూలు చేసిన ముక్క చదివితే చాలు. హక్ మాత్రం మా లంక పిల్లల పుస్తకం. తెప్ప మీద నదిలో పోవడం, వరద నీళ్ళకి ఒక ఇల్లు ఇల్లే కొట్టుకురావడం, ఇవి మా వాళ్ళకి కథ కాదు, జూలై ఆగస్టుల్లో కళ్ళతో చూసేవే. మామూలుగా నోరు విప్పని తొమ్మిదో క్లాసు కుర్రాడొకడు అది విని, వాళ్ళ లంకలోకి ఓసారి గడ్డివాము దాని మీద కోళ్ళతో సహా కొట్టుకొచ్చిన సంగతి లేచి చెప్పాడు. కాకపోతే హక్ కథలో బానిసత్వం ఉంది, నల్లవాళ్ళని మనుషుల్లా చూడని మాటలున్నాయి, అందుకని ఊరికే చేతికిచ్చి పంపకుండా ఒక పావుగంట కూర్చోబెట్టి అమెరికాలో అప్పుడేం జరిగేదో చెప్పి ఇవ్వాలి. తొమ్మిది, పది వాళ్ళకే.

అదే దారిలో ఇంకో మెట్టు పైకి వెళ్తే ఏడు తరాలు, సహవాసి గారి తెలుగు. అలెక్స్ హేలీ రూట్స్‌కి సంక్షిప్త అనువాదం. ఏదిచ్చినా నమిలేసే మూడో గుంపుకి ఇది, పదో క్లాసులో ముగ్గురు చదివారు, ముగ్గురూ కొన్నాళ్ళు మాట్లాడలేదు. కొట్టడాలూ అమ్మేయడాలూ చదవడం కష్టం, కింద క్లాసులకి ఇవ్వకండి. ఐత్మాతోవ్ తొలి ఉపాధ్యాయుడు కూడా చాలామంది టీచర్లు ఇష్టంగా సజెస్ట్ చేస్తారు, పేరు చూసి టీచర్స్ డేకి బహుమతిగా కూడా ఇస్తారు, అందులో కథానాయికకి బలవంతపు పెళ్ళీ అత్యాచారమూ ఉన్నాయని చాలామందికి గుర్తుండదు. గొప్ప పుస్తకమే, పదో క్లాసుకి, మీరు దగ్గరుండి. ఇలాగే వంశీ గారి 'మా పసలపూడి కథలు' పక్కూరి కథలే కదా పెట్టొచ్చుగా అని పేరెంట్స్ అడుగుతుంటారు, ఊరు పక్కదే గానీ కథలు పెద్దాళ్ళవండీ, వాటిని స్టాఫ్ రూమ్ బీరువాలో పెట్టుకోండి.

సరే, కొత్తవి. సోషల్ సార్ అవార్డు లిస్టు నేను పూర్తిగా కొట్టిపారెయ్యను. కేంద్ర సాహిత్య అకాడెమీ బాల సాహిత్య పురస్కారం 2010 నుంచి ఇస్తున్నారు, తెలుగులో మొదటి ఏడాది కలువకొలను సదానంద గారి అడవితల్లి నవలకి వచ్చింది, 2024లో పి. చంద్రశేఖర్ ఆజాద్ గారి మాయాలోకం నవలకి వచ్చింది. కానీ ఈ అవార్డు నవలలకే ఇచ్చేది కాదు, కథల పుస్తకాలకీ గేయాలకీ కూడా ఇస్తారు, లిస్టు చూసి ఆర్డర్ పెట్టేస్తే నవలనుకుని గేయాలొస్తాయి. ఇంకోటి, అమెరికా తెలుగువాళ్ళ సంఘం తానా వాళ్ళూ, 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ళూ కలిసి పిల్లల పుస్తకాల పోటీలు పెట్టి వచ్చిన వాటిని అచ్చు వేశారు. ఇలాంటి చిన్న కొత్త పుస్తకాల్లో పెద్ద సుఖం ఏంటంటే సన్నగా ఉంటాయి, ధర తక్కువ, అక్షరాలు పెద్దవి, పిల్లాడు ఒక ఆదివారంలో అయిపోగొట్టి సోమవారం "అయిపోయిందండి" అని గొప్పగా చెప్పుకోవచ్చు. ఆ అయిపోయిందండి అన్న మాట కోసమే కదా ఇదంతా.

కొత్త పిల్లల నవల మంచిదో కాదో తేల్చడానికి నాకో గుర్తుంది. మూడో పేజీలోనే తాతగారో మాస్టారో వచ్చి మొక్కలు నాటాలనో సెల్‌ఫోన్ చూడకూడదనో చెప్పడం మొదలెడితే పక్కన పెట్టేయండి. పిల్లలకి ఉపన్యాసం వాసన తెలుస్తుంది, పొద్దున్న ప్రేయర్ దగ్గర మనం కొట్టేది చాలు. అలాగే పిల్లలు మాట్లాడుకునే మాటలు చూడండి. ఇద్దరు ఏడో క్లాసు కుర్రాళ్ళు "మిత్రమా, మనం ఇప్పుడు అరణ్యములోనికి వెళ్ళెదమా" అన్నట్టు మాట్లాడుకుంటుంటే రాసినాయన ఈమధ్య పిల్లల్ని చూడలేదని అర్థం. టెస్టులో సున్నా వచ్చిన రెండూ ఇలాంటివే, పేర్లు చెప్పను.

ఇంగ్లీష్ సార్ కోటా కూడా ఇచ్చాం, మూడు వేలు. ఆయన లావాటి ఫాంటసీ సిరీస్‌లు అడిగారు, నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే మా పిల్లల ఇంగ్లీషు మీడియం బోర్డు మీదే ఉంది, మాట ఇంకా తెలుగే. చివరికి ఆర్.కె. నారాయణ్ స్వామి అండ్ ఫ్రెండ్స్, రస్కిన్ బాండ్ ది బ్లూ అంబ్రెల్లా మధ్య ఆగాం. స్వామి 1935 నాటిది, స్కూలు భయం, క్రికెట్ టీము, ఇంట్లోంచి పారిపోవడం, అంతా మన పిల్లలదే, కానీ ఇంగ్లీషు కొంచెం చెయ్యి తిరిగినవాళ్ళకి. బ్లూ అంబ్రెల్లా చాలా చిన్నది, కొండ ఊళ్ళో బిన్యా అనే పిల్ల తన చిరుతగోళ్ళ దండ ఇచ్చి నీలం గొడుగు తీసుకుంటుంది, దాని మీద ఊరి కొట్టువాడికి కన్ను పడుతుంది. మొదటి ఇంగ్లీషు పుస్తకం అదే అవ్వాలి. ఆరు కాపీలు అది, రెండు కాపీలు స్వామి. సార్ ఒక వారం అలిగారు గానీ ఎనిమిదో క్లాసు ఆడపిల్లలు బ్లూ అంబ్రెల్లాకి వరసలో పేర్లు రాయించుకుంటుంటే ఇప్పుడు అది తన సెలక్షనే అంటున్నారు.

ఇంక టైటిల్స్ ఎక్కువ కొనాలా కాపీలు ఎక్కువ కొనాలా అన్నది అసలు గొడవ, దీని గురించి ఎవరూ మాట్లాడరు. 15 వేలకి వంద టైటిల్స్ ఒక్కోటి తెస్తే బీరువా నిండుగా కనపడుతుంది, ఫోటో బాగా వస్తుంది. కానీ ఒక పుస్తకం ఒక్కడే చదివితే దాని గురించి వాడు మాట్లాడుకోడానికి ఎవడూ ఉండడు. నలుగురి దగ్గర ఒకే పుస్తకం ఉంటే మధ్యాహ్నం భోజనాల దగ్గర "నువ్వు ఎక్కడిదాకా వచ్చావురా" మొదలవుతుంది, అయిదోవాడు వచ్చి నాకూ ఇవ్వండి అంటాడు. మేం ముప్పై నాలుగు టైటిల్సే కొన్నాం, వాటిలో టెస్టు పాసైన తొమ్మిదింటికి మూడు నుంచి ఆరు కాపీలు. అంతకుముందు ఏడాది ఒక పుస్తకాల షాపతను డిస్కౌంట్ అని కట్ట కట్టి పంపితే విప్పి చూడకుండా బిల్లు సంతకం పెట్టా, సగం డిగ్రీ గైడ్లూ, ఒకే వ్యక్తిత్వ వికాసం పుస్తకం ఎనిమిది కాపీలూ. కట్టల్లో కొనకండి, లిస్టు మీరే రాసుకెళ్ళండి.

ఇంకొకటి మన తడి నేల వాళ్ళకే తెలిసే సంగతి. వర్షాకాలం వచ్చిందంటే మా బీరువాలో పుస్తకాలు అప్పడాల్లా మెత్తబడిపోతాయి, బూజు, గోడవారగా ఉంటే చెద. జిగురు పెట్టి అతికించిన బైండింగ్ అయితే రెండో వానాకాలానికి పేజీలు విడిగా చేతికొస్తాయి. కొనేటప్పుడు వెన్ను దగ్గర మధ్యలో తెరిచి చూడండి, దారంతో కుట్టింది కనపడితే పది ఇరవై రూపాయలు ఎక్కువైనా అదే తీసుకోండి. సన్నటివి పిన్నులు కొట్టినవైతే పిన్ను తుప్పు పట్టి పేజీకి మరక దిగుతుంది, మేం పిన్ను తీసేసి మామూలు సూదీ దారంతో కుట్టేశాం, తొమ్మిదో క్లాసు పిల్లలే కుట్టారు. బీరువాని గోడకి జానెడు దూరం జరిపి కింద ఇటుకలు పెట్టండి, ఎండు వేపాకు వెయ్యండి. అక్షరాలు చిన్నగా ఉన్న ఎడిషన్ ఎంత చవకైనా వద్దు, లంకల్లో సాయంత్రం కరెంటు సరిగ్గా ఉండదు, సన్నక్షరాలు చూస్తే పిల్లాడు మూసేస్తాడు, తప్పు వాడిది కాదు.

ఎప్పుడు ఇవ్వాలి అంటే, జూన్‌లో కాదు. దసరా సెలవులకి ముందు సన్నవి, సంక్రాంతి సెలవులకి ముందు కొంచెం లావువి. సంక్రాంతికి కోడిపందేలూ ప్రభల తీర్థం మధ్యలో ఎవడు చదువుతాడండీ అని సోషల్ సార్ అన్నారు, కనుమ మర్నాటి నుంచి సెలవులు అయ్యేదాకా చేతిలో డబ్బులైపోయి, చుట్టాలెళ్ళిపోయి, పిల్లలకి ఏం తోచదు, ఆ మూడు నాలుగు రోజులే మనవి. తిరిగి ఇవ్వకపోతే ఫైన్ పెట్టకండి, ఫైన్ భయంతో అసలు తీసుకోవడమే మానేస్తారు. మాకు ఇప్పటిదాకా రెండు పోయాయి, ఒకటి పడవలోంచి నీళ్ళలో పడింది, రెండోది ఆ పిల్లాడి నాయనమ్మ ఇంకా చదువుతోందట.

మొత్తం లెక్క చూసుకుంటే 15 వేలలో 640 మిగిలింది. దాంతో అట్టలకి ప్లాస్టిక్ కవరూ, పెద్ద సూదులూ, లావు దారం ఉండ ఒకటీ తెచ్చాం. బుడుగు అట్ట అప్పటికే చిరిగింది, ముందు దానికే వేశాం.